‘ఇ’ కాదు, మూడు

బస్సు బోర్డు దగ్గరికొచ్చేదాకా కనపడటం లేదని ఇంట్లో రోజూ చదివే అష్టోత్తరం వినలేక, నిన్న సాయంత్రం మెయిన్ రోడ్డు మీది కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాను. ‘కంటి పరీక్ష ఉచితం’ అని రాసిన బోర్డు మాత్రం సందు చివరి నుంచే కనపడింది.

పరీక్ష గది అగ్గిపెట్టెంత. ఇంగ్లీషు అక్షరాల చార్టేమో మనిషికి 6 మీటర్ల దూరంలో ఉండాలి. 1862లో ఆ చార్టు తయారుచేసిన హెర్మన్ స్నెల్లెన్ అనే డచ్చి డాక్టరుకి మన షాపుల అద్దెల సంగతి తెలియదు కదా! అందుకో ఉపాయముంది. ఎదురుగా 3 మీటర్లలో అద్దం, చార్టు మన తల వెనక. అద్దానికి ఇవతల వస్తువు ఎంత దూరంలో ఉంటే అవతల ప్రతిబింబం అంతే దూరంలో కనపడుతుంది కనక మూడూ మూడూ ఆరు. కాకపోతే ఒక్కటే షరతు. చార్టు మీద అక్షరాలు తిరగేసి అచ్చువేసుండాలి. అంబులెన్సు ముందు పేరు తిరగేసి రాసేది కూడా ముందు బండివాడు తన అద్దంలో చూసి దారిస్తాడనే.

ఈ చార్టు మీద అక్షరాలు శుభ్రంగా, తిన్నగా ఉన్నాయి.

కుర్రాడు నా ముక్కు మీద ఇనప ఫ్రేమొకటి ఎక్కించి, ఒక కంటికి నల్ల బిళ్ళ వేసి, “తల తిప్పకుండా అద్దంలోకే చూడండి సార్” అని వెనక్కెళ్ళి చార్టు పక్కన నిలబడ్డాడు. ట్యూబ్ లైటు వెలిగింది. అన్నిటికన్నా పైన, దాదాపు 88 మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరం మీద స్కేలు పెట్టాడు.

“మూడు” అన్నాను.

“అంకెలు లేవు సార్. మళ్ళీ చూడండి.”

“మూడే బాబూ.”

ఒక కటకం మార్చాడు. మూడు ఇంకాస్త మెరుగ్గా కనపడింది. నేనూ తక్కువ తినలేదు, నా కళ్ళే పోయాయనుకుని టెన్షన్ పడ్డాను. కింది వరసలోని ‘పి’ తొమ్మిదిలా ఉంది. ‘ఎల్’ని ‘జె’ అన్నాను. ‘టి’, ‘ఓ’ మాత్రం టకటకా చెప్పేశాను. అవి రెండూ కుడి ఎడమల్లో ఒకేలా ఉంటాయి, అద్దం వాటినేం చేయగలదు? కుర్రాడు మాత్రం, “కొన్ని వస్తున్నాయి, కొన్ని రావట్లేదంటే ఇది సిలిండర్ పవర్ సార్” అని ఇంకో కటకం దూర్చి గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు. కర్టెన్ పక్కన వంతు కోసం కూర్చున్న పెద్దావిడ, “పాపం, అంకెలకీ అక్షరాలకీ తేడా తెలియట్లేదు. షుగరేమో” అంది.

ఇక ఆగలేక తల తిప్పాను. ఎదురుగా ‘ఇ’, తిన్నగా!

“ఇది తిరగేసి అచ్చువేసింది ఉండాలయ్యా.”

“పాతదంతా తిరగేసే అచ్చువేశారు సార్. ఓనరు గారు సప్లయర్‌తో పోట్లాడి మరీ మార్పించారు.”

ఓనరు గారు కౌంటర్‌లో ఫోన్ మాట్లాడుతూ ‘అవును’ అన్నట్టు చెయ్యెత్తారు. ఎంఆర్‌పీ మీద పది శాతం తగ్గింపు అడిగినప్పుడు మాత్రం ఆ చెయ్యి అంత సులువుగా లేవలేదు.

అద్దం గురించి నేను చెప్పబోతుంటే కుర్రాడికి మెరుపులాంటి ఆలోచన తట్టింది. చార్టు ఊడదీసి తలకిందులుగా తగిలించాడు. అద్దంలోకి చూశాను. ‘ఇ’, ‘డి’, ‘సి’, ‘ఓ’ నిజంగానే చక్కబడ్డాయి. వాటికి పైసగం, కిందిసగం ఒకటే కదా. ‘ఎఫ్’, ‘పి’, ‘ఎల్’ శీర్షాసనం వేశాయి, ఇందాకటిదాకా బుద్ధిగా ఉన్న ‘టి’తో సహా.

“ఇప్పుడు చదవండి సార్.”

“ఇ” అన్నాను.

“చూశారా! ఇంకో పావు పవర్ పెంచితే ‘ఎఫ్’ కూడా వచ్చేస్తుంది.”