స్కోప్‌లో లేని మామిడికాయ

తిరుపతిలో సలహాకు ఏనాడూ కరువు రాలేదు. రైలు దిగి స్టేషన్ బయటికొచ్చిన భక్తుడికి కాఫీ కన్నా ముందు సలహా దొరుకుతుంది. ఉచిత దర్శనానికి ఎస్ఎస్‌డీ టోకెన్లు ఎక్కడిస్తున్నారు, అలిపిరి మెట్లెక్కడం మేలా శ్రీవారిమెట్టు మేలా, మూడొందల టికెట్ లేకపోతే ఎన్ని గంటలు కూర్చోవాలి, పిల్లలుంటే ఏ లైన్లోకి వెళ్లాలి, అన్నీ చెప్పేస్తారు. ఆటో అన్న, లాడ్జి కుర్రాడు, పూలమ్మే అవ్వ, అందరూ నిపుణులే. ఇంత నైపుణ్యం ఉండీ వీళ్లలో ఒక్కరికీ కోటు లేదు, స్లయిడ్లు లేవు, విజిటింగ్ కార్డు లేదు. (ఆటో అన్నకు కార్డుంది. వెనకవైపు ఫోన్‌పే స్కానర్ కూడా ఉంది. అయినా దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.)

వీళ్ల సలహాకు విలువ ఎందుకు లేదో బాగా ఆలోచించి తేల్చాను. వీళ్లు సలహా ఇచ్చే ఊళ్లోనే పుట్టి పెరిగారు. దీనికి మించిన అనర్హత లేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దలు ఏనాడో చెప్పి ఊరుకున్నారు. మేనేజ్‌మెంట్ పండితులు మాత్రం ఊరుకోకుండా దాన్ని కోర్సు చేసి, మార్కులు పెట్టి, ఫీజు కట్టించుకుంటున్నారు. సలహా సముద్రం దాటాలి. ఎంత దూరం వెళితే అంత బరువు.

నేను గాలి మాటలు చెప్పడం లేదు. అమెరికాలో మిషిగన్ బిజినెస్ స్కూలు 1992లోనే విద్యార్థులను జట్లుగా విడగొట్టి, ఏడు వారాలపాటు నిజమైన సంస్థల సమస్యల మీదికి వదలడం మొదలుపెట్టింది. ఎంఐటీ వాళ్లు 2000లో జీ-ల్యాబ్ పెట్టారు. నలుగురేసి విద్యార్థులు కొన్ని నెలలు ఇంటి దగ్గర్నుంచే పనిచేసి, జనవరిలో మూడు వారాలు ఆ దేశానికే వెళ్లి కంపెనీలో కూర్చుంటారు. 2011లో హార్వర్డ్ ఇంకో అడుగు ముందుకేసి మొదటి ఏడాది విద్యార్థులందరినీ దేశదేశాలకు పంపే ఏర్పాటు చేసింది. తరగతి గదిలో కేస్ స్టడీలు బట్టీ పట్టడం కన్నా ఇది మేలేనని నేనూ ఒప్పుకుంటాను. ఇరవై నాలుగేళ్ల పిల్లవాడు పరాయి దేశంలో దారి తప్పి, భాష రాక నోరు మూసుకొని నాలుగు మాటలు వింటే వాడికి మంచిదే. ఆ కంపెనీకి ఏం మంచిదన్నది వేరే ప్రశ్న. దానికి మార్కులు లేవు.

మన దగ్గరికొచ్చేసరికి ఈ పథకం మరింత మెరుగుపడింది. మా వైపు ఒక ఎంబీఏ కాలేజీ ఉంది (పేరెందుకు, బస్సుల వెనక మీరు చూసే ఉంటారు). వీసాలు, టికెట్లు దండగ ఖర్చని, జూమ్‌లోనే విదేశీ కన్సల్టింగ్ మొదలుపెట్టింది. మా మేనల్లుడు అందులో ఉన్నాడు. ఐదుగురి జట్టు. ఒకడికి ఇంగ్లీషు వచ్చు, ఒకమ్మాయికి పీపీటీ వచ్చు, ఒకడి దగ్గర మంచి ల్యాప్‌టాప్ ఉంది, ఒకడి పేరు చివరి స్లయిడ్లో ఉంది. మావాడు స్ట్రాటజీ. వీళ్లకు పడిన క్లయింట్, కెన్యాలో మకుయెని వైపు మామిడి పండించే ఒక రైతు సంఘం.

చిత్తూరు జిల్లా పిల్లలకు మామిడి ప్రాజెక్టు పడిందంటే నాకు ముచ్చటేసింది. తోతాపురి చెట్ల కింద గోలీలాడినవాళ్లు కదా, చెప్పడానికి చాలా ఉంటుందనుకున్నాను. కానీ వాళ్లకు మామిడి గురించి తెలిసినట్టు ఎక్కడా బయటపడకుండా చాలా జాగ్రత్తపడ్డారు. మొదట ఇంటర్నెట్‌లో మామిడి అంటే ఏమిటో వెతికారు. తర్వాత బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ వారి 1970 నాటి నాలుగు గళ్ల పటం తీశారు. అందులో నక్షత్రాలు, పాడి ఆవులు, ప్రశ్నార్థకాలు, కుక్కలు ఉంటాయి. కెన్యాలో పండే యాపిల్ మామిడిని నక్షత్రం చేశారు. ఎన్‌గోవే అనే నాటు రకాన్ని కుక్కల గడిలో, అంటే వదిలించుకోవాల్సిన సరుకుల్లో, వేశారు.

"ఆ కాయ ఏం పాపం చేసిందిరా?" అన్నాను.

"ఏం లేదు మామా, మూడు గళ్లు నిండినాయి. నాలుగోది ఖాళీగా ఉంటే సార్ ఒప్పుకోడు."

ఇంటరిమ్ ప్రజెంటేషన్‌కు నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నాడు, కెమెరాలో పడకుండా. కెన్యా మనకన్నా రెండున్నర గంటలు వెనక. మనకు భోజనాలయ్యాక కునుకు పట్టే వేళకు అక్కడ వాళ్లు మంచి హుషారులో ఉన్నారు. సంఘం తరఫున ఒకావిడ కూర్చుంది. మావాళ్ల స్లయిడ్ వచ్చింది: రైతులకు ఫోన్ ద్వారా డబ్బులు పంపే పద్ధతి ప్రవేశపెట్టాలి, భారతదేశ అనుభవం మీకు మార్గదర్శకం. ఆవిడ నవ్వలేదు. చాలా మర్యాదగా, "మాకు ఎంపెసా 2007లోనే వచ్చింది, మీకెప్పుడొచ్చింది?" అని అడిగింది. మన యూపీఐ పుట్టింది 2016లో. ఇంగ్లీషు వచ్చినవాడికి ఉన్నట్టుండి నెట్ పోయింది. పీపీటీ అమ్మాయి మ్యూట్‌లోకి వెళ్లింది. మావాడు టెన్షన్‌లో నా వైపు చూశాడు, నేను ఫ్యాన్ వైపు చూశాను.

మర్నాటికి ఆ స్లయిడ్ బతికింది. "ప్రవేశపెట్టాలి" తీసేసి "బలోపేతం చేయాలి" అని పెట్టారు. ప్రపంచంలో అప్పటికే ఉన్న ఏ వస్తువునైనా బలోపేతం చేయొచ్చు. ఎవరూ కాదనలేరు. గైడ్ సార్ దీన్ని చురుకుదనం అన్నాడట.

ఇంతకీ మన ఖండం నుంచి కెన్యా మామిడి తోటలకు వెళ్లిన మొదటి కన్సల్టెంట్లు మావాళ్లు కారు. ఆ గౌరవం పండు ఈగది. ఆసియాలో పుట్టిన ఈ ఈగ 2003లో కెన్యాలో మొదటిసారి కనబడింది. వీసా లేదు, స్లయిడ్లు లేవు, నేరుగా ఫీల్డులోకి దిగింది. కాయలో గుడ్లు పెట్టి, లోపల్నుంచి పనిచేసింది. చుట్టుపక్కల దేశాలకూ విస్తరించింది. దాని ధాటికి 2014లో కెన్యా తనంతట తానే ఐరోపాకు మామిడి పంపడం మానుకోవాల్సి వచ్చింది, మళ్లీ మొదలుపెట్టడానికి 2021 దాకా పట్టింది. అదే 2014లో ఐరోపా వాళ్లు మన మామిడినీ పండు ఈగల పేరే చెప్పి కొన్ని నెలలు ఆపేశారు. రెండు దేశాల రైతులకూ ఉమ్మడి శత్రువు ఇది. ఎర బుట్టల్లో మగ ఈగలను ఎలా పట్టాలో, రాలిన కాయలను ఎందుకు పూడ్చాలో మా జిల్లాలో తోట ఉన్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. మావాళ్ల రిపోర్టులో ఈగ ఒక్కసారే కనబడింది. "ముప్పులు" అనే గడిలో, "వాతావరణం, పోటీ, మొదలైనవి" అని ఉన్నచోట, ఆ "మొదలైనవి"లో ఉంది.

ఇదంతా జరిగింది 2025 జూన్‌లో. సరిగ్గా అప్పుడే ఇక్కడ మన తోతాపురి ధర నేలకు దిగింది. ఫ్యాక్టరీలు ఎనిమిది రూపాయలివ్వాలి, ప్రభుత్వం నాలుగిస్తుంది, మొత్తం కిలోకు పన్నెండు అని ప్రకటించారు. ఆ ఎనిమిది కోసం గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. కొందరు కాయను రోడ్డు పక్కన పారబోసి పోయారు. మావాడి చిన్నాయనకు బంగారుపాళ్యం దగ్గర తోట ఉంది. ఆయన ట్రాక్టర్ కిందే టవల్ పరుచుకొని పడుకొని ఫోన్ చేశాడు.

"ఏమ్రా అబ్బోడా, మామిడి మీద ఏందో పెద్ద చదువు చదవతాండావంట. మన కాయకు ఏమన్నా దారి చెప్పు రా."

"చిన్నాయనా, అది మా స్కోప్‌లో లేదు."

ఇందులో తప్పేమీ లేదు. స్కోప్ డాక్యుమెంట్ నేనూ చూశాను. అందులో కెన్యా ఉంది, విలువ జోడింపు ఉంది, ఎగుమతులున్నాయి. బంగారుపాళ్యం లేదు. పైగా చిన్నాయన సర్టిఫికెట్ మీద సంతకం పెట్టగలడా? లింక్డ్‌ఇన్‌లో నాలుగు మంచి మాటలు రాయగలడా? ఎంత సొంత మనిషైనా క్లయింట్ కాలేడు.

రిపోర్టులో అన్నిటికన్నా పెద్ద సిఫారసు ఏమిటో చెప్పలేదు కదూ. కాయను కాయగా అమ్మకుండా గుజ్జు తీసి అమ్మితే రైతు కష్టాలు తీరతాయట. చిత్తూరు చుట్టూ గుజ్జు ఫ్యాక్టరీలు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. గల్ఫ్‌కు, ఐరోపాకు డ్రమ్ములు పోతున్నాయి. ఆ సిఫారసు టైపు చేసే సమయానికి కాయతో ఉన్న చిన్నాయన అలాంటి ఒక ఫ్యాక్టరీ గేటు ముందే ఉన్నాడు.

మనవాళ్లొక్కరినే అంటే అన్యాయం. ఆ మధ్య అమెరికా నుంచి నలుగురు విద్యార్థులు మా వైపు ఒక గుజ్జు ఫ్యాక్టరీకి సలహా చెప్పడానికి వచ్చారు. వాళ్ల కాలేజీ క్యాలెండర్ ప్రకారం జనవరిలో వచ్చారు. జనవరిలో తోతాపురి చెట్టుకు పూత ఉంటుంది, కాయ ఉండదు. మూడు వారాలు మామిడి నడవని ఫ్యాక్టరీలో మామిడి ఉత్పాదకతను కొలిచారు. పాపం బుద్ధిమంతులు, మన చేత్తో తినడం నేర్చుకున్నారు, ఊరగాయకు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. యజమానిని రోజూ ప్రశ్నలడిగారు, ఆయన చెప్పినవన్నీ రాసుకున్నారు, చివరిరోజు రంగు స్లయిడ్లలో ఆయనకే చూపించారు. ఆయన పరమానందపడిపోయాడు. "నేనింత తెలివైనోణ్ణని నాకే తెలీదు" అన్నాడట. వాళ్లతో తీసుకున్న ఫొటో ఆఫీసులో వెంకటేశ్వరస్వామి పటం పక్కనే ఉంది.

కెన్యాలో మామిడి ప్రధాన కాపు డిసెంబరు నుంచి మార్చి దాకా. మనది వేసవి. వాళ్ల తోటల్లో కాయ లేనప్పుడు మనం వాళ్లకు చెబుతాం, మన తోటల్లో కాయ లేనప్పుడు అమెరికావాళ్లొచ్చి మనకు చెబుతారు. కాయ ఉన్న నెలల్లో అందరికీ పరీక్షలే. ఈ ఏర్పాటును చెడగొట్టవద్దని విశ్వవిద్యాలయాలకు నా మనవి. కాయ ఉండగా సలహాదారులొస్తే, తోటలో పనివాళ్లకు అడ్డం.

జూలైలో ఫైనల్ ప్రజెంటేషన్ బ్రహ్మాండంగా ముగిసింది. కెన్యా ఆవిడ అందరికీ కృతజ్ఞతలు చెప్పి, చివర్లో ఒకే ఒక్క ప్రశ్న వేసింది: మీది కూడా మామిడి జిల్లానే అంటున్నారు, మీ దగ్గర రైతుకు కిలోకు నిజంగా చేతికెంత వస్తుంది, డబ్బు ఎన్నాళ్లకు పడుతుంది? ఐదుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మెయిల్ చేస్తామన్నారు. కాల్ కాగానే మావాడు చిన్నాయనకు ఫోన్ చేశాడు. ఆయన ఇంకా తిట్లు మొదలుపెట్టకముందే గబగబా విషయం చెప్పాడు.

"అడిగేది నువ్వా, ఆ కెన్యా ఆయమ్మనా?"

"ఆమే చిన్నాయనా."

"అట్లయితే సరే, పెన్ను తీసుకో."

గంటసేపు చెప్పాడు.