కోఫాక్స్‌కి 1967 కార్డు మన పిల్లలు చేస్తే?

అమెరికా బేస్‌బాల్‌లో పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) శాండీ కోఫాక్స్ 1966లో తన జట్టు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి 27 మ్యాచ్‌లు గెలిచిపెట్టాడు. ఆ నవంబర్‌లోనే, 30 ఏళ్లకే ఆట మానేశాడు. బంతి విసిరే ఎడమ మోచేతిని ఆర్థరైటిస్ తినేసింది. అందుకే, ఆటగాళ్ల ఫోటో ముందు, గణాంకాలు వెనక వేసి కార్డులు అమ్మే టాప్స్ కంపెనీ 1967 సెట్‌లో అతనికంటూ విడిగా కార్డు లేదు. గణాంకాల్లో ముందున్నవాళ్లని కలిపి చూపే లీగ్ లీడర్ల కార్డుల్లో మాత్రం మిగతావాళ్ల పక్కన కనిపిస్తాడు.

ఆ లోటుని అభిమానులు సొంతంగా చేసుకునే కస్టమ్ కార్డులతో పూడ్చుకుంటున్నారు. ఈ పని మన పిల్లల చేత కూడా చేయించాలని నా గట్టి అభిప్రాయం. అమెరికాలోని మన తెలుగువాళ్ల ఇళ్లలో బేస్‌బాల్ కార్డులకి కొదవ లేదు. కానీ మాటలన్నీ ఏది ఎంత పలుకుతుంది, గ్రేడింగ్‌లో (కార్డు ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి పదికి వేసే మార్కుల్లో) పదొచ్చిందా తొమ్మిదొచ్చిందా అనే. కార్డు తిప్పి వెనకవైపు చదివేవాళ్లు తక్కువ. సొంతంగా కార్డు చేసేవాడికి చదవక తప్పదు.

కోఫాక్స్ కార్డు వెనకవైపు ఏడాదికొకటి చొప్పున 12 వరసలు పడతాయి. 1955లో, జట్టు ఇంకా బ్రూక్లిన్‌లో ఉన్నప్పుడు, 2 గెలుపులు, 2 ఓటములు. 1958లో 11–11, వాక్‌లు (గురి తప్పిన బంతులతో బ్యాటర్‌కి ఊరికే ఇచ్చిన బేస్‌లు) 105. 1960లో 8–13. వేగానికి తిరుగులేదు, బంతే అదుపులో ఉండేది కాదు. 1961లో సీజన్ ముందు జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్‌లో, అతని బంతులు పట్టే క్యాచర్ నార్మ్ షెర్రీ, అంత బలం పెట్టకు, కాస్త తగ్గించు అన్నాడు. ఆ ఏడు 18 గెలుపులు, 269 స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని ఔట్ చేయడం)! 1962 నుంచి ఏటా ఒక నో-హిట్టర్ (ప్రత్యర్థికి ఒక్క హిట్టూ ఇవ్వని ఆట), వరసగా నాలుగేళ్లు. నాలుగోది, 1965 సెప్టెంబర్ 9న షికాగో కబ్స్ జట్టు మీద, పర్ఫెక్ట్ గేమ్. 27 మంది వచ్చారు, ఒక్కరూ బేస్ చేరలేదు.

గణాంకాల కింద ఒక మాట రాసే చోటుంటే, నేనైతే 1965 అక్టోబర్ 6 గురించి రాయిస్తాను. ఆ ఏటి ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్‌లో మొదటి ఆట యూదుల పర్వదినం యోమ్ కిప్పుర్ నాడు పడింది. యూదుడైన కోఫాక్స్ ఆ రోజు ఆడనన్నాడు. డాడ్జర్స్ ఓడారు. తర్వాత రెండే రోజుల విశ్రాంతితో ఏడో ఆటకి దిగి, ప్రత్యర్థి మిన్నెసోటాకి ఒక్క పరుగూ ఇవ్వకుండా సిరీస్ గెలిపించాడు. ఉగాదికి స్కూల్లో సెలవు అడగడానికి మొహమాటపడే మన పిల్లలకి ఈ సంగతి తెలియాలి.

మన తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌లో ఒక టేబుల్ వేసి మందపాటి కాగితం, కత్తెరలు, జిగురు పెడితే చాలు. కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర పొడవు. కస్టమ్ కార్డు అని వెనక స్పష్టంగా రాయాలి, అసలుదని ఎవరికీ అంటగట్టకూడదు. ఓడిన ఏళ్ల వరసలు ఒక్కటీ తీసేయకూడదు. అన్నీ కూడితే 165 గెలుపులు, 87 ఓటములు రావాలి, ఆ కూడిక పిల్లలే చేయాలి.