రోడ్డు పక్క గూళ్లపై తక్షణ చర్య కోరుతూ

రోడ్డు పక్క ఆక్రమణలన్నిటిలోకీ మొండివి పక్షి గూళ్లు. వంతెన కింద, సిగ్నల్ స్తంభం గొట్టంలో, దారి చూపే బోర్డు వెనక, కరెంటు స్తంభం నెత్తిన... కాస్త సందు కనబడితే చాలు, పాగా వేసేస్తాయి. ప్లాను లేదు, అనుమతి లేదు, పన్ను ఊసే లేదు. నోటీసు అంటిస్తే దాని మీదే రెట్ట వేసి అభ్యంతరం నమోదు చేస్తాయి.

అందుకే వీటిని వేరే చోటికి తరలించాలన్న ప్రతిపాదనను ఈ వ్యాసకర్త మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాడు. పక్షికి రెక్కలున్నాయి, వంతెనకు లేవు. ఎవరు కదలాలో ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

చిక్కల్లా ఒకటే. పంపితే పోతాయి గానీ, తిరిగొచ్చేస్తాయి. 1952లో వేల్స్ తీరంలోని స్కోఖోమ్ దీవి నుంచి మాంక్స్ షియర్‌వాటర్ అనే సముద్రపు పక్షిని విమానంలో అమెరికా తీసుకెళ్లి బోస్టన్‌లో వదిలారు. అట్లాంటిక్ మొత్తం దాటుకుని 12 రోజుల 12 గంటల్లో అది తన బొరియలో వాలింది. ‘పక్షిని వదిలాం’ అని బోస్టన్ నుంచి రాసిన ఉత్తరం దాని తర్వాత చేరింది. మనమేమో గూటిని ఊరి బయట చెట్టు మీద పెట్టి, ఫొటో దిగి, ఫైలు మూసేస్తాం. ఫైలు మీద సంతకం ఆరేలోగా పక్షి మళ్లీ వంతెన కిందే ఉంటుంది.

గుడ్లుంటే మరీ టెన్షన్. గూడు ఉన్నట్టుండి దూరం జరిగితే తల్లి చాలాసార్లు దాన్ని వదిలేస్తుంది. 2018లో కెనడాలోని ఒట్టావాలో సంగీతోత్సవం వేదిక కట్టాల్సిన చోటే, తీతువు కుటుంబానికి చెందిన కిల్‌డీర్ ఒకటి నాలుగు గుడ్లు పెట్టి కూర్చుంది. కేంద్ర ప్రభుత్వ అనుమతి తెచ్చుకుని, గూటిని మీటరు చొప్పున జరుపుతూ, తల్లి వచ్చి పొదగడం మొదలెట్టాకే మళ్లీ జరిపారు. నాలుగు గుడ్ల కోసం! ఇంత ఓపిక అలవాటైతే రేపు మనుషులు కూడా తమను ఖాళీ చేయించేటప్పుడు మీటరు చొప్పున జరపమంటారు. ఈ సంప్రదాయాన్ని మొగ్గలోనే తుంచాలి.

కొందరు పక్షి ప్రేమికులు ‘ఐదారు వారాలు ఆగండి, గుడ్లు పొదిగి, పిల్లలు ఎగిరిపోతాయి, అప్పుడు ఖాళీ గూడు తీసేయండి’ అంటారు. గడువు కన్నా ఒక్క పూటైనా ఆలస్యం కాని రోడ్డు పనులకు ఐదారు వారాలంటే మాటలా?

వంతెనల కింద చేరే క్లిఫ్ స్వాలోల సంగతి వేరు. ఒక్కో గూటికి వెయ్యి దాకా మట్టి ఉండలు ముక్కుతో మోసుకొచ్చి కడతాయి. పైపుతో నీళ్లు కొట్టి కూల్చితే మళ్లీ మొదటి ఉండతో మొదలు. అమెరికాలోని నెబ్రాస్కాలో వీటిని 30 ఏళ్లు గమనించారు. వాహనాలు తగ్గలేదు గానీ, వాటి కింద పడి చచ్చే స్వాలోలు ఏటేటా తగ్గాయి. చచ్చినవాటి రెక్కలు మిగతావాటికన్నా పొడుగ్గా ఉన్నాయి. పొట్టి రెక్కలవి చటుక్కున తప్పుకుని బతికి ఉండొచ్చని పరిశోధకుల ఊహ. హెల్మెట్ పెట్టుకోమని బతిమాలినా వినని జాతి వీటికి రోడ్డు మర్యాద నేర్పబోతోంది.

ఆస్ప్రే గద్దల విషయంలో కొన్నిచోట్ల మరీ లొంగిపోయారు. కరెంటు స్తంభం పక్కనే, కనుచూపు మేరలో, ఇంకా ఎత్తైన స్తంభం పాతి, పైన చెక్క వేదిక బిగించి గూటిని అక్కడికి మార్చారు. అవి ఒప్పుకున్నాయి కూడా. ఆక్రమించినవాడికి అంతకన్నా మంచి ఇల్లు కట్టివ్వడమన్నమాట! సిగ్గుచేటు.

కాబట్టి పక్షులు వాలకుండా గట్టి ఇనుప మేకులు బిగించడమే దారి. ఆ ప్రయోగం యూరప్‌లో ఎప్పుడో జరిగింది. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో మ్యాగ్‌పైలు ఆ మేకుల్నే పీక్కెళ్లి గూటికి కప్పు వేసుకున్నాయి. ఒక్క గూట్లోనే దాదాపు 1,500 మేకులున్నాయని 2023లో పరిశోధకులు ప్రకటించారు. ఈసారి మేకులకు టెండరు పిలిచేటప్పుడు కొలతలు వాటినే అడిగి ఖరారు చేస్తే, బిగించే కూలీ అయినా మిగులుతుంది.