సైకిలు టైరును రాయిలా చేయమనే సలహా గురించి

సైకిలు తొక్కేవాళ్ల మధ్య ఒక సలహా బాగా తిరుగుతోంది. టైరు పక్కభాగంలో అచ్చు వేసిన పెద్ద అంకె దాకా గాలి కొట్టాలట. బొటనవేలితో నొక్కితే రాయిలా ఉండాలట. ముందు చక్రానికీ వెనక చక్రానికీ ఒకటే లెక్క. పంపు ఊడదీసేటప్పుడు గాలి పోతుంది కాబట్టి ఇంకో 10 పీఎస్ఐ (చదరపు అంగుళం మీద ఎన్ని పౌండ్ల ఒత్తిడి ఉందో చెప్పే కొలత) అదనంగా కొట్టాలి. అలా చేస్తే బండి తేలిగ్గా పోతుంది, పంక్చర్లు కావు. ఎండాకాలం మాత్రం సగం గాలి తీసేయాలి. ఇందులో కాస్త నిజం కలిసి ఉంది కాబట్టే ఇంతమంది నమ్ముతున్నారు. మిగిలినది తొక్కేవారి ఒంటికీ బండికీ చేటు చేసేదే.

ముందు ఆ అంకె సంగతి. అది దాటకూడని హద్దు. చాలా టైర్ల మీద 40–65 పీఎస్ఐ అన్నట్టు రెండు అంకెలు ఉంటాయి. 50 కిలోల మనిషీ 90 కిలోల మనిషీ కొనేది అదే టైరు కదా, ఇద్దరికీ 65 ఎలా సరిపోతుంది? వెనక చక్రం మీద 50 కిలోలు, అంటే సుమారు 110 పౌండ్లు పడుతున్నాయనుకోండి. టైరులో 55 పీఎస్ఐ ఉంటే అది దాదాపు 2 చదరపు అంగుళాల మేర నేలను పట్టుకుంటుంది. బరువు తగ్గినా గాలి పెరిగినా ఆ పట్టు కుంచించుకుపోతుంది. పైగా హద్దు టైరుకే కాదు, రిమ్ముకూ ఉంటుంది. లోపలి అంచుకు కొక్కెం లేని రిమ్ములకు సాధారణంగా 5 బార్, అంటే దాదాపు 72 పీఎస్ఐ మించకూడదు. టైరు మీద అంతకంటే పెద్ద అంకె ఉన్నా ఇదే వర్తిస్తుంది.

గట్టిగా ఉంటే తేలిగ్గా దొర్లుతుందన్న మాటను కొంచెం విడమరచి చూడాలి. టైరు నేలను తాకినచోట వంగుతుంది, పైకి లేవగానే మళ్లీ సర్దుకుంటుంది. ఆ వంపులో రబ్బరు కొంత శక్తిని వేడిగా మార్చి పారేస్తుంది. గాలి పెరిగితే వంపు తగ్గుతుంది. నున్నటి ఉక్కు డ్రమ్ము మీద తిప్పి కొలిస్తే ఈ సలహా నిజమనే తేలుతుంది. కానీ మనం తొక్కేది డ్రమ్ము మీద కాదు. కంకర తేలిన రోడ్డు మీద మెత్తని టైరు రాయిని తనలోకి తీసుకుని ముందుకు పోతుంది. గట్టి టైరు ఆ రాయి మీదికి ఎక్కి దిగుతుంది. ఎక్కిన ప్రతిసారీ బండితో పాటు మనిషి కూడా పైకి లేవాలి. ఆ లేపే పని మన కాళ్లదే, ఆ కుదుపు మన అరచేతులకూ నడుముకే. గట్టి టైరు మీద ఒళ్లంతా అదురుతుంటే వేగంగా పోతున్నట్టు అనిపిస్తుంది. నేను చాలాకాలం ఆ అదురునే వేగమనుకున్నాను. ముందు చక్రంలో 15 పీఎస్ఐ తగ్గించిన రోజే వేళ్ల తిమ్మిరి పోయింది, ప్రయాణానికి పట్టే సమయం మాత్రం పెరగలేదు. బ్రేకు విషయమూ అంతే. గతుకుల మీద ఎగురుతున్న చక్రం నేలను వదిలిన క్షణంలో బ్రేకు ఎంత నొక్కినా లాభం లేదు.

అసలు గాలి టైరు పుట్టిందే ఈ కుదుపు తగ్గించడానికి. జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం దాన్ని తయారుచేసి 1888లో పేటెంటు తీసుకున్నాడు. దాన్ని మళ్లీ గట్టి రబ్బరు చక్రంలా మార్చుకోవడం ఎందుకు?

పంక్చర్ల విషయంలో సగం నిజం ఉంది. గాలి మరీ తక్కువైతే గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. దానికి విరుగుడు సరిపడా గాలి. ముల్లునూ గాజుపెంకునూ ఆపేది మాత్రం టైరు మందమే.

బొటనవేలు ఈ పనికి నమ్మదగిన కొలత కాదు. సన్నని టైరులో 60 ఉన్నా 90 ఉన్నా వేలికి ఒకేలా తగులుతుంది. మందమైన రబ్బరైతే సగం గాలికే గట్టిగా అనిపిస్తుంది. గేజి ఉన్న పంపు వాడాలి, అంతే. రెండు చక్రాలకూ ఒకే లెక్క అన్నదీ తప్పే. కూర్చున్నవారి బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే పడుతుంది కాబట్టి ముందు దానికి కొంత తక్కువ చాలు.

ఎండాకాలం సగం గాలి తీసేయడం అన్నిటికంటే ప్రమాదకరం. 20 డిగ్రీల దగ్గర 60 పీఎస్ఐ ఉన్న టైరు 40 డిగ్రీలకు వేడెక్కితే పెరిగేది 5 పీఎస్ఐ మాత్రమే. దానికి భయపడి 30కి దించితే మొదటి గుంతలోనే ట్యూబు నలుగుతుంది.

ఇక ఆ అదనపు 10 పీఎస్ఐ. పంపు ఊడదీయగానే వినిపించే బుస్సుమనే చప్పుడు చూసి ఈ భయం పుట్టింది. చకచకా తీస్తే ఆ గాలి దాదాపు అంతా పంపు గొట్టంలోదే, వాల్వు వెంటనే మూసుకుంటుంది. నిర్ధారించుకుందామని మళ్లీ పంపు బిగిస్తే గేజి నిజంగానే తగ్గి చూపిస్తుంది. కారు టైర్లకు ఉండే రకం వాల్వులో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. పంపు తలలోని పిన్ను వాల్వును తెరవగానే ఖాళీ గొట్టాన్ని నింపడానికి ట్యూబులోని గాలి బయటికి వస్తుంది. తగ్గినది ఊడదీసినప్పుడు కాదు, చూడటానికి మళ్లీ బిగించినప్పుడు. టైరు సన్ననిదైతే తేడా ఇంకా ఎక్కువ.

మీకు ఎంత గాలి కావాలో తెలియాలంటే టైరు మీది రెండు అంకెల మధ్యలో మొదలుపెట్టండి. రోజూ వెళ్లే గతుకుల దారిలో తొక్కి, అదురు ఎక్కువనిపిస్తే ఒక్కోసారి 3 పీఎస్ఐ చొప్పున తగ్గిస్తూ పోండి. చిన్న అంకె కంటే కిందికి మాత్రం దించవద్దు. మలుపులో బండి ఊగినట్టు అనిపించినా, గుంతలో రిమ్ము టక్కున తగిలినా 5 పెంచి, రెండు చక్రాల అంకెలూ పంపు మీద రాసి పెట్టుకోండి.