ముడతల వెనక ఉన్న ఆపరేషన్

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో ఇప్పుడు ముఖాన్ని బాగుచేస్తామనే బోర్డులకు కొదవ లేదు. లేజర్, పీలింగ్, బొటాక్స్, ఫిల్లర్. ఒకప్పుడు వీటికోసం చెన్నై వెళ్లేవాళ్లు. యాభై దాటిన ఆడవాళ్లు ఆ మెట్లెక్కితే మాత్రం ‘ఈ వయసులో సోకులేంటి’ అనే మాట ఇంట్లోనే వినబడుతుంది. మీసానికి రంగేసుకునే మగవాణ్ని ఎవరూ అనరు. తలనీలాలిచ్చి గుండుతో బజారులో తిరిగే ఆడవాళ్లను చూసి ఎవరూ నవ్వని ఊరిది, ముడతల దగ్గరే ఎందుకింత వెటకారమో!

ఆ ముడతలు సోకుకు సంబంధించినవి కావు. ముట్లు ఆగాక, అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పడిపోతుంది. చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ మొదటి ఐదేళ్లలోనే దాదాపు 30 శాతం పోతుంది, ఆ తర్వాత ఏటా 2 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. నూనె ఊరడం తగ్గి చర్మం పొడిబారుతుంది. దవడ దగ్గర, కంటి గుంటల చుట్టూ ఎముక అరుగుతుంది, బుగ్గల్లో కొవ్వు కిందికి జారుతుంది. రెండేళ్ల తర్వాత పెళ్లిలో కనబడిన చుట్టాలు ‘ఏందక్కా, ఇట్లా అయిపోయినావు’ అనేది దీన్ని చూసే.

ఇదంతా మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకు మొదలవ్వాలి. చిత్తూరు పల్లెల్లో చాలామందికి అంతకన్నా ముందే వస్తోంది, దానికి కారణం గర్భసంచి ఆపరేషన్. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3 శాతం పైచిలుకైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. తెల్లబట్ట అయిందనో, బ్లీడింగ్ ఎక్కువైందనో వెళతారు. ‘పిల్లలు పుట్టేశారు కదమ్మా, ఇంకెందుకది, రేపు క్యాన్సర్ అయితే?’ అంటారు ఆస్పత్రిలో. ముప్పై అయిదేళ్లకే పని అయిపోతుంది. కొందరికి అవసరమైన ఆపరేషనే, కాదనను. కానీ గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజన్ కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. అండాశయాలు ఉంచినా మెనోపాజ్, అంటే ముట్లాగే దశ, కొంత ముందుగానే వచ్చే అవకాశముంది. అందరికీ పదేళ్లలో వచ్చే మార్పు ఈ మనిషి ముఖంలో గబగబా వచ్చేస్తుంది. ముఖం కనబడుతుంది కాబట్టి దానికే బాధపడతాం. లోపల ఎముకలు, గుండె పడే ఇబ్బంది కనబడదు.

నా అభ్యంతరం ఇక్కడే. నలభై లోపే అండాశయాలు పోయినవాళ్లకు, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకులు లేకపోతే, మామూలుగా ముట్లు ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్ ఇవ్వాలనే వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇక్కడేమో హార్మోన్ అనగానే క్యాన్సర్ టెన్షన్. ఈ భయం ఎక్కువగా 2002లో అమెరికాలో బయటపడిన ఒక పెద్ద పరిశోధన నుంచి వచ్చింది. అందులో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63. అది చూపించి ముప్పై ఎనిమిదేళ్ల మనిషికి మందు వద్దనడం ఏం లెక్క? అలాగని వయసుకు ముట్లాగినవాళ్లు ఒక్క ముడతలకోసం హార్మోన్ వాడాల్సిన పనీ లేదు. పైగా కొందరికి దానితో మంగు ముదురుతుంది.

మంగు సంగతి వచ్చింది కాబట్టి మెడికల్ షాపు దగ్గర ఆగాలి. ‘అన్నా, పోయినసారి ఇచ్చిన ట్యూబే ఇయ్యి’ అంటే చీటీ అడగకుండా ఇచ్చేస్తారు. చాలాసార్లు అందులో స్టిరాయిడ్ ఉంటుంది. వారంలో ముఖం తెల్లబడుతుంది, నెలలు వాడితే చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి, మానేస్తే భగ్గున మండుతుంది. మెనోపాజ్‌తో ముందే పలచబడిన చర్మానికి ఇది ఇంకో దెబ్బ. స్టిరాయిడ్ క్రీములకు డాక్టర్ చీటీ ఉండాలని 2018లోనే కేంద్రం నిబంధన పెట్టింది. కౌంటర్ దగ్గర దాన్ని పట్టించుకునేదెవరు?

క్లినిక్‌లో చేసేవాటిని తప్పుపట్టను. బొటాక్స్ సూది నుదుటి గీతల్ని మూడు నాలుగు నెలలు ఆపుతుంది, మళ్లీ చేయించుకోవాలి. ఫిల్లర్ గుంటల్ని నింపుతుంది. అది పొరపాటున రక్తనాళంలోకి వెళితే చర్మం చచ్చుబడొచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. అందుకే బ్యూటీ పార్లర్లో చేయించుకునే పని కాదది. మన చామనఛాయ చర్మానికి లేజర్ వేడి ఎక్కువైతే కొత్త మచ్చలొస్తాయి. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో పొద్దున సన్‌స్క్రీన్, రాత్రి డాక్టర్ రాసిన ట్రెటినాయిన్ అనే ముడతల క్రీము, మాయిశ్చరైజర్ ఏడాదిపాటు వాడి, ఆ తర్వాత సూది సంగతి ఆలోచించుకోవచ్చు.

ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం చర్మం డాక్టర్‌కన్నా ముందు గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. గర్భసంచి తీశారని తెలుసు గానీ అండాశయాలు ఉన్నాయో లేదో చాలామందికి తెలియదు. డిశ్చార్జి కాగితంలో రాసి ఉంటుంది. బీరువాలో చీరల కింద వెతికితే దొరకొచ్చు. లేకపోతే ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలో రికార్డు అడగాలి. అదీ దొరక్కపోతే స్కానింగ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ రక్తపరీక్ష చూసి డాక్టరే ఒక అంచనాకు వస్తారు. ఎముకల సాంద్రత పరీక్ష కూడా అప్పుడే అడిగి చేయించుకోవచ్చు.