పిన్ని ఫోన్‌కి ఎసరు

ఎవరికి ఫోన్ చేసినా రింగ్ కంటే ముందు సైబర్ మోసాల హెచ్చరిక వినిపించిన రోజులున్నాయి కదా, అప్పుడు మనమంతా విసుక్కున్నాం. మా బాబాయి మాత్రం ప్రతిసారీ చివరిదాకా, సత్యనారాయణ వ్రత కథ విన్నంత శ్రద్ధగా విన్నాడు.

దాంతో పద్మారావునగర్‌లోని వాళ్లింట్లో కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. కొరియర్ డబ్బా వస్తే పేరు, అడ్రసు, ఫోన్ నంబరు ఉన్న కాగితాన్ని తడిగుడ్డతో నానబెట్టి, గోటితో గీకి, ముక్కలు చేసి, సగం తడిచెత్తలో, సగం పొడిచెత్తలో వేయాలి. దొంగ అతికించుకోవాలంటే రెండు డబ్బాలూ వెతుక్కోవాలట. చెత్త ఆటోవాడు రెండింటినీ ఒకేచోట గుమ్మరించడం బాబాయి రోజూ చూస్తూనే ఉంటాడు, అది వేరే సంగతి.

ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధారే. దాని మీద అడ్డంగా రెండు గీతలు, వాటి మధ్య ఎందుకిస్తున్నాడో, తేదీ, సంతకం. నవ్వకండి, ఇది మంచి అలవాటే. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం కూడా జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వొద్దనీ, మాస్క్‌డ్ ఆధార్ వాడమనీ ప్రకటించింది. జనం హడలిపోయారు. రెండు రోజులకే ఆ ప్రకటనను వెనక్కి తీసుకున్నారు. బాబాయి తీసుకోలేదు.

వీటన్నిటికంటే పెద్ద చట్టం ఇంకోటుంది. "వెరిఫై" అన్న మాట ఏ మెసేజ్‌లో కనబడినా పూర్తిగా చదవకుండా డిలీట్ చేసేయాలి. పిన్ని సరేనంది. అసలు మెసేజ్‌లు చదివే తీరిక ఆవిడకెక్కడిది?

అంతలో ఎవరో బాబాయికి సంచార్ సాథీ గురించి చెప్పారు. మన పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో చూపించే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ అది. మన ఆధార్ కాపీతో ఎవడో సిమ్ తీసుకుని మోసాలు చేస్తే పోలీసులు ముందు మన తలుపే కొడతారు. అందుకని ఇంట్లో కూర్చుని చేసుకోదగ్గ పనుల్లో దీనికే నేను మొదటి మార్కు వేస్తాను. మామూలుగా ఒక మనిషి పేరు మీద తొమ్మిది సిమ్‌ల దాకా ఉండొచ్చు. బాబాయి పేరు మీద మూడు కనిపించాయి. ఒకటి తనది. ఒకటి మా తమ్ముడికి కాలేజీ రోజుల్లో కొనిచ్చింది. మూడోది ఎవరిది? పోర్టల్ నంబరు పూర్తిగా చూపించదు, మధ్యలో ఎక్సులు పెడుతుంది.

"దొరికాడు!" అని అరిచాడు బాబాయి.

"ఎవరండీ?" వంటింట్లోంచి పిన్ని.

"దొంగ!"

"ఎక్కడ?"

"నా పేరు మీదే ఉన్నాడు!"

పిన్ని చపాతీ కర్ర పట్టుకొచ్చి మంచం కింద కూడా చూసింది. ఈలోపు బాబాయి 'నా నంబర్ కాదు' అన్నచోట నొక్కి, ఫ్యాను వేగం పెంచుకుని కూర్చున్నాడు.

తర్వాత పిన్ని ఫోన్‌కి మీ నంబరు మళ్లీ వెరిఫై చేయించుకోండి అంటూ మెసేజ్‌లు వచ్చాయి. చట్టప్రకారం ఆవిడ వచ్చినదాన్ని వచ్చినట్టే డిలీట్ చేసింది. కొన్నాళ్లకి ఫోన్ మూగబోయింది. ఈ గల్లీలో సిగ్నల్ ఎప్పుడూ ఇంతేలే అనుకున్నారు.

గ్యాస్ అబ్బాయి వచ్చేదాకా ఎవరికీ ఏమీ తెలియలేదు. సిలిండర్ గుమ్మంలో దింపి "కోడ్ చెప్పండి సార్" అన్నాడు.

"ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు."

"ఓటీపీ కాదు సార్, డెలివరీ కోడ్."

"దొంగలూ అలాగే అంటారు."

"సార్, నేను సిలిండర్ ఇచ్చిపోతున్నా. ఎత్తుకపోతలేను."

ఈ మాట బాబాయికి నచ్చింది. కానీ కోడ్ వచ్చేది గ్యాస్ కనెక్షన్‌కి ఇచ్చిన పిన్ని నంబరుకి. అది ఎంతకీ రాదే! నాకు ఫోన్ చేశాడు. పిన్ని నంబరుకి నేను చేసినా కలవలేదు. "సరిగ్గా ఉందో లేదో, అసలు నంబరేంటో చదువు" అన్నాడు. ఆయన ఫోన్‌లో అది 'ఇల్లు' అని ఉంటుంది, అంకెలతో ఆయనకెప్పుడూ పని పడలేదు. చదివాను.

"చివరి అంకెలు మళ్లీ చెప్పు."

చెప్పాను. అవతల మాట లేదు. సిలిండర్ ఆటోలోకి తిరిగెక్కిన చప్పుడు మాత్రం వినబడింది. ఆ రాత్రి వాళ్ల భోజనం కర్రీ పాయింట్ నుంచి వచ్చింది.

మర్నాడు ముగ్గురం మొబైల్ షాపుకెళ్లాం. రెండు గీతలు, తేదీ, సంతకంతో జిరాక్స్ ఇచ్చాడు బాబాయి. కౌంటర్‌లో కుర్రాడు దాన్ని టీ గ్లాసు కింద పెట్టుకుని, తన ఫోన్ ఎత్తి "కళ్లు మూసి తెరవండి అంకుల్" అన్నాడు. ఇప్పుడన్నీ ఫోన్‌లోనేనట. ఆ తర్వాత స్క్రీన్ చూసి తల గోక్కున్నాడు.

"ఈ నంబర్ మీద కంప్లైంట్ మీరే ఇచ్చారు కదా?"

"గవర్నమెంటు పని చేస్తుందో లేదో చూద్దామని ఇచ్చాను," అన్నాడు బాబాయి.

పిన్ని ఆయన వంక చూడకుండా, ఈ సిమ్ నా పేరు మీదకి మార్చడానికి ఏం కాగితాలు కావాలి బాబూ అని అడిగి, తన ఆధార్ తీసి కౌంటర్ మీద పెట్టింది. ఆవిడ ఫారాలు నింపుతుంటే బాబాయి నెమ్మదిగా పక్కకి జరిగాడు.

"ఎలాగూ వచ్చాం కదా, నీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో కూడా ఒకసారి చూసేద్దామా?"

పిన్ని ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుని తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసి జిప్పు లాగింది.