స్టేజీకి వీపు పెట్టి చూడాల్సిన కచేరీ

కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి, అంటే ఏనుగుల దళాధిపతి, జాయపసేనాని 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో మొదటి నాలుగు శాస్త్రీయమైన మార్గ పద్ధతికి, తర్వాతి నాలుగు ప్రాంతీయమైన దేశి పద్ధతికి ఇచ్చాడు. హన్మకొండ కాలేజీ ఫెస్టుల్లో రాక్ బ్యాండ్ వాయిస్తుంటే మన పిల్లలు వేసే చిందులు మాత్రం, పాపం, ఆయన కంటపడలేదు. శాస్త్రానికి ఆ లోటు ఉండకూడదని నేనే పూనుకున్నాను.

ఇందులో నాకు గురువు బారికేడ్ దగ్గరి కానిస్టేబుల్. గ్రౌండ్ మొత్తంలో స్టేజీకి వీపు పెట్టి జనాన్నే చూసేది ఆయనొక్కడే. మిగతావాళ్లు కూడా స్టేజీని చూడరు, ఫోన్‌లో పడుతున్న స్టేజీని చూస్తారు.

రాక్ అంటే తిరుగుబాటు సంగీతమని ప్రతీతి. మన ఊళ్లో తిరగబడే ముందు చుట్టాలెవరైనా ఉన్నారేమో చూసుకోవాలి. పుర్రె బొమ్మ టీషర్టు వేసుకున్న ఒక కుర్రాడు ఆ జాగ్రత్త మరిచాడు. మెడ పట్టేసేంత జోరుగా తల ఊపుతున్నాడు. చూపుడువేలు, చిటికెనవేలు నిక్కబొడిచి, రాక్ గాయకుడు రోనీ జేమ్స్ డియో లోకానికి అలవాటు చేసిన కొమ్ముల ముద్ర పట్టాడు. డ్రమ్ములు తారస్థాయికి చేరిన క్షణంలో వెనక నుంచి ఒక గొంతు: "ఏం బిడ్డా, బాపు మంచిగున్నడా?"

తల ఆగింది. మడిచిన వేళ్లు మెల్లగా విచ్చుకున్నాయి, రెండో చెయ్యి వచ్చి కలిసింది. "నమస్తే కాకా." కొమ్ములు నమస్కారంగా మారిన ఆ ముద్రకు జాయపసేనాని ఒక శ్లోకమైనా కేటాయించేవాడు.

ముందు వరుస సోఫాల్లోని పెద్దల సంగతి క్లుప్తంగా చెబుతాను. మోకాలి మీద తాళం వేస్తుంటారు. అది ఆ పాటది కాదు.

ఇంగ్లీషు పాటలకు జనం నోళ్లు ఆడుతూనే ఉంటాయి గానీ, మాట బయటికొచ్చేది లైను చివరే. కుర్రాళ్లు గుంపుగా భుజాలతో గుద్దుకోవడం కూడా మర్యాదగానే సాగింది. గుద్దినవాడల్లా "సారీ అన్నా" అన్నాడు. ఇంతలో డ్రమ్మర్‌కు ఏం బుద్ధి పుట్టిందో తీన్మార్ దరువందుకున్నాడు. గ్రౌండ్ లేచింది. రుమాళ్లు గాల్లోకి లేచాయి, సోఫాల్లో ఒకాయన నిలబడ్డాడు, మక్కకంకులు కాల్చే ఆమె విసనకర్ర సైతం దరువుకు కలిసింది. గిటారిస్టు ఏళ్ల తరబడి అరగదీసిన వేళ్లు ఒక్క దరువు ముందు దిక్కుతోచక నిలబడ్డాయి. మా గురువుగారి కుడికాలి బూటు కదలడం నేను కళ్లారా చూశాను. ఆయన ఒప్పుకోరు.

శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన నియమాల ప్రకారం రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్ మోగకూడదు. "వన్స్ మోర్" కేకల మధ్య మా గురువుగారు వాచీ చూపించారు. అప్పటిదాకా వ్యవస్థను కూలగొడదామని అరిచిన గాయకుడు ప్రిన్సిపాల్ గారికీ, ఏసీపీ గారికీ, కరెంటు డిపార్టుమెంటుకూ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి, మైకు స్టాండులో పెట్టేశాడు.